శుక్రవారం బస్సు

అది శుక్రవారం. దసరా పోయినంక మూడో శుక్రవారం. పగటిపూట రెండు గంటల ఇరవై నిమిషాలు. బొంబాయి పక్క భివండిల, ధామన్కర్ నాకా చౌరస్త దగ్గర మా దిక్కు సర్కారు బస్సు ఇంజను చాలు చేసుకొని నిలబడ్డది. అందుల తొమ్మిది మందే కూసున్నరు. నేను ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఇంకో కాలు రోడ్డు మీద పెట్టి చెకింగు సారుతోని కొట్లాడుతున్న. టైము ఇంత పక్కాగ ఎట్ల యాదికున్నదని అడుగుతరేమో. అప్పటికి నాకు గడియారం చూసుడే రాదు. ఆ సారే తన చేతిగడియారం నా మొఖం ముందట పెట్టి, "రెండూ ఇరవై. చూడమ్మా, రెండూ ఇరవై" అని మూడుసార్లు చదివి వినిపించిండు. గట్ల మనసుల పాతుకపోయింది.

ఇదంత ఇప్పుడు రాయనీకి కారణం కనకయ్య. కనకయ్య అప్పుడు ఆ బస్సు కండక్టరు. మొన్న మనుమరాలి పెండ్లి కార్డులు పంచనీకి భివండి వచ్చి, రిటైరయినోళ్లకిచ్చే పాసు జేబుల పెట్టుకొని, శాంతి నగర్ల నా ఇల్లు వెతుక్కుంట వచ్చిండు. జుట్టంత తెల్లబడ్డది. ఒక చెవి వినపడది. చాయ తాగుకుంట మా కోడలుతోని, "అమ్మా, ఆ రోజుల్ల డిపోల కొట్లాడి ఆ భీమండి బండిని నేనే నిలబెట్టిన" అన్నడు. భివండిని మావోళ్లు భీమండి అంటరు. అబద్ధం అనను, కాని అది పావువంతు నిజం. మిగిలిన ముప్పావు చెప్పెటోళ్లు లేరు. ఆయన ముందటే అనేద్దమనుకున్న, ఇంటికొచ్చిన మనిషని ఊకున్న. పోయినంక నోటుబుక్కు తీసిన. నలభై దాటినంక అక్షరాలు దిద్దిన మనిషిని, నా రాత కోడి కెలికినట్టే ఉంటది. ఏం ఫరక్ పడది. చదివెటోళ్లకు అర్థమైతె చాలు.

అప్పుడు మేం శాంతి నగర్ల ఒక చాల్‌ల ఉండెటోళ్లం. చాల్ అంటె వరుసగ ఒంటిగది ఇండ్లు, ఒక్కొక్క గది ఒక ఖోలీ. పైన మా ఖోలీ, కింద పన్నెండు సాంచెలు. సాంచె అంటె బట్ట నేసే మరమగ్గం. ఆ సప్పుడు చెవులతోని వినేది కాదు, కాళ్లకెళ్లి ఎక్కేది. గోడకు ఆనుకుంటె వీపుల కొట్టుకునేది, బోర్లిచ్చిన గిలాసలు వాటంతట అవే జరుగుకుంట అంచుకొచ్చేటియి. అంత సప్పుడుల మాట్లాడుడు కుదరదు కాబట్టి మా ఆడోళ్లమంత చేతులతోని, పెదవులతోని మాట్లాడుకునుడు నేర్చుకున్నం. రెండు వేళ్లు ముడిస్తె చాయ, చెవు పట్టుకుంటె అత్త వస్తున్నదని. ఇంటాయన కింద సాంచెల మీద, నేను పైన కండెలు చుట్టేది. నాడెలకు నూలు పోసే కండెలవి, పొద్దుగాల ఏడింటికి కూసుంటె మళ్ల అన్నం వండనీకే లేచుడు. ఇంట్ల ఎప్పుడూ మూడు వాసనలు: గంజి పట్టిన నూలు, వేడెక్కిన మిషిను నూనె, గ్యాసునూనె స్టవు. వంట్ల పోపు వేసినా ఆ మూడిటి కిందనే నలిగిపోయేది.

శుక్రవారం మాత్రం వేరే లోకం. ఆ రోజు కరెంటు బందు, సాంచెలు బందు. సప్పుడు ఆగంగనే మా అత్తకు మెలకువ వచ్చేది. అందరు సప్పుడుకు లేస్తరు, ఆమె సప్పుడు ఆగితె లేచేది. లేచి కూసొని, "ఏందే, చెవుల దూది పెట్టినట్టున్నది" అని ప్రతి వారం అదే మాట. తర్వాత కుంకుడుకాయలు కొట్టుడు. వారమంత జుట్టుల చేరిన పత్తి పొట్టు శుక్రవారం నాడే పోవాలె. చాల్ పొడుగున ఆడోళ్లు తలలు విరబోసుకొని కూసునేది, కుంకుడు నురుగు మోరిల తెల్లగ పారేది. మొగోళ్లు పన్నెండు దాంక పండుకునేది. లేచి మటన్ తెచ్చి, తిని, మళ్ల పండుకునేది. మాకు శుక్రవారమంటె అన్నీ ఆగే రోజు. ఈ మాటనే మా పెద్దమనుషుల చేత తప్పు చేపిచ్చింది, చెప్త.

నాకు అప్పటికి ఒక్కతె బిడ్డ, జమున. మూడేండ్లప్పుడు దానికి దగ్గు పట్టింది. పత్తి పొట్టు గాలికి పిల్ల ఈల వేసినట్టు శ్వాస తీస్తుంటె డాక్టరు సూటిగ చెప్పిండు: ఈ గాలిల ఉంచొద్దని. తీసుకపోయి మా అవ్వ, నన్ను కన్న తల్లి దగ్గర, వెంకట్రావుపల్లెల వదిలిపెట్టిన. ఏడాదికి ఒక్కసారి పోయేది. అంతకన్న ఎక్కువ ఎట్ల పోత? కళ్యాణ్‌ దాంక ఆటో, అక్కడ రైలు, మన్మాడ్‌ల ఇంకో రైలు, నిజామాబాదుల దిగి మళ్ల బస్సు. బోర్డులన్ని నాకు గీతలే, ఎవల్నన్న అడుగుదమంటె హిందీ సగమే వచ్చు. మొగోడు ఎంబడి లేనిది ఆడది ఆ దారి పట్టేది లేకుండె. ఆయనకు సుట్టి దొరకాలె, సేటు ఒప్పుకోవాలె, ఇద్దరి పని పడిపోవాలె. ఐదేండ్లకు నా బిడ్డ నన్ను 'భీమండి అమ్మ' అనుడు షురూ చేసింది. ఉత్త 'అమ్మ' మా అవ్వకు పోయింది. ఆ ఏడు దసరాకు పోతె, నేను చెప్పులు విప్పక ముందుకే, "ఎప్పుడు పోతవ్?" అని అడిగింది. కోపంతోని కాదు. చుట్టాలను అడిగినట్టే అడిగింది. ఆ మాట ఇన్నంక నాకు వారం రోజులు తిండి సయించలే.

అయితె ఆ దసరాకు రెండు నెలల ముందట్నే మాకు బస్సు పడ్డది. మా తాలూకా డిపో నుంచి తిన్నగ భివండికి. దారిల ఎక్కడ దిగేది లేదు, మారేది లేదు. మా సంఘం పెద్దమనుషులు హైదరాబాదు దాంక తిరిగి, కాయితాలు పెట్టి తెచ్చిండ్రు, అది వాళ్ల గొప్పతనమే, కాదనను. మొదటి బండి వచ్చిన రోజు నాకా దగ్గర టపాకాయలు కాల్చిండ్రు. దాని నుదుటి మీద ఒక పక్క మరాఠీల, ఒక పక్క తెలుగుల బోర్డు. నాకు రెండూ రావు. అయినా తెలుగు దిక్కే నిలబడి చూసిన. కండక్టరు దిగి, "ఏమ్మా, అందరు బాగున్నరా" అన్నడు. భివండి రోడ్డు మీద సర్కారు మనిషి నోట్ల మన మాట ఇనుడు అదే మొదలు.  మొగోడు అక్కర లేని దారి అనుకున్న. ఇదొక్కటి నిలిస్తె నేను నెలకొక్కసారి బిడ్డను చూసుకుంట అనుకున్న.

బస్సు సంగతులన్ని నాకు కనకయ్య దగ్గర్నే తెలిసినయి. రెండు బండ్లు. ఒకటి అటు నుంచి వస్తుంటె ఒకటి ఇటు నుంచి పోయేది. పొద్దుగాల తొమ్మిదింటికి నాకా దగ్గర దిగి, ఇద్దరు డ్రైవర్లు, కనకయ్య బండి పక్కన్నే గోనెపట్ట కట్టుకొని తానం చేసి, డిక్కిలకెళ్లి స్టవు తీసి అన్నం వండుకునేది. ఒక డ్రైవరు నడుపుతుంటె ఇంకోడు ఎనుక బల్ల మీద పండుకోవాలె, నాందేడు దగ్గర మార్చుకోవాలె, అది కాయిదా. మేం ఆడోళ్లం వాళ్లకు పచ్చిపులుసు, పచ్చడి తీసుకపోయేది. వాళ్లేం అడగలే, మేమే తీసుకపోయేది. మా దిక్కు నీళ్లు తాగి వచ్చిన మనుషులు కదా. కనకయ్య చెవు మీద పెన్సిలు, ఒళ్ల ఒక పెద్ద కాయితం. ఏ ఊర్ల ఎంతమంది ఎక్కిండ్రు, ఎంతమంది దిగిండ్రు, అన్ని గడుల రాసేది. "చెల్లె, బండికి నోరు లేదు. ఈ కాయితం చెప్పిందే డిపోల ఇంటరు" అనేది.

దసరా పోయినంక ఆ కాయితమే కొంప ముంచింది. ఒకనాడు పచ్చడి ఇయ్యనీకి నేను, పక్క ఖోలీ మల్లవ్వ పోతె, కనకయ్య అన్నం ముందట పెట్టుకొని తినకుంట కూసున్నడు.

"ఏందన్నా, ఉప్పెక్కువైందా?" అన్నది మల్లవ్వ.

"నెలాఖరుకు బండి బందు పెడ్తరట" అన్నడు. "అటు నుంచి వచ్చేటప్పుడు నిండుతున్నది. ఇక్కడ్నుంచి పోయేటప్పుడు పది మంది, పన్నెండు మంది. ఉత్త సీట్లకు డీజిలు పోసుడు ఎందుకని, రెండు బండ్లను వేరే రూటుకు మళ్లిస్తరట."

"మనోళ్లు ఎందుకు ఎక్కుతలేరు?" అన్న నేను.

"నన్నడుగుతవేంది? మీ మొగోళ్లకు సుట్టి ఎప్పుడు, మీకు తీరిక ఎప్పుడు?"

"శుక్రవారం."

"శుక్రవారం ఇక్కడ్నుంచి బండి ఉన్నదా?"

లేదు. వారానికి ఒకనాడు బండి షెడ్డుల ఆగాలె, బ్రేకులు, పట్టీలు చూసుకోవాలె. ఆ ఒక్క రోజు శుక్రవారం. మేం ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకున్నం. శుక్రవారం పగలు ఎక్కితె శనివారం పొద్దుగాల ఊర్ల దిగుతం, ఆదివారం మళ్లొస్తె సోమవారం కండెల మీద కూసుంటం. వేరే రోజు పోతె పని నడుమల తెగి వారం కూలి పోతది, సేటు ఆ సాంచెకు వేరే మనిషిని పెడ్తడు. బస్సు ఉన్న ఆరు రోజులు మాకు కాళ్లు లేవు, కాళ్లున్న రోజు బస్సు లేదు.

"ఈ తెలివి ఏ మొగోనిది?" అన్నది మల్లవ్వ.

కనకయ్య నవ్విండు. "మీవోళ్లదే. డిపో మేనేజరు మీ సంఘపోళ్లను అడిగిండు, ఏ రోజు ఆపమంటరని. మీ రాజేశం సేటు, మా భీమండిల శుక్రవారం అన్నీ బందే సారూ, బస్సు గూడ ఆపుండ్రి అన్నడు."

రాజేశం సేటు అంటె మేముండే చాల్, కింద సాంచెల ఖామందు, మా సంఘం అధ్యక్షుడు, వరుసకు నాకు మామ. అక్కడ్నుంచి అక్కడ్నే ఆయన ఇంటికి పోయినం. ఆయన అరుగు మీద కూసొని పళ్లు పుల్లతోని గీక్కుంటున్నడు. అడిగినం. ఆయనకు తప్పనిపియ్యలే.

"శుక్రవారం సుట్టి కాదా మరి? ముప్పై ఏండ్ల సంది చూస్తున్న, శుక్రవారం భీమండిల ఏం కదుల్తది? అందరు పండుకునే రోజు బస్సెందుకు?"

"బస్సుకు గూడ తలకు పోసి పండుకోబెడుదమనుకున్నవా మామా?" అన్నది మల్లవ్వ.

ఆయన పుల్ల పారేసిండు. నవ్వలే. తల గోక్కొని, "అరే, నిజమే గదా" అన్నడు మెల్లగ. సాంచె ఆగితె లోకమే ఆగినట్టని ముప్పై ఏండ్లు బతికిన మనిషి. వేరే ఊరోడయితె ఈ తప్పు చేయడు. భివండి మొగోడే చేస్తడు.

కనకయ్య డిపోల అడిగిండు, అది నిజం. మేనేజరు ఒక్క మాట మీద వచ్చిండు: ఒక్క శుక్రవారం నడిపి చూద్దం, చెకింగు సారు ఎంబడి పోయి భివండిలనే లెక్క పెట్టుకుంటడు, సీట్లన్ని నిండితె ఇగ ప్రతి శుక్రవారం బండి, గురువారం ఆపుదం. నిండకుంటె మొత్తానికే బందు. మాకు ఎనిమిది రోజుల టైము దొరికింది.

ఆ ఎనిమిది రోజులు నేను, మల్లవ్వ తిరిగినట్టు భివండిల ఓట్ల కోసం గూడ ఎవలు తిరగలే. కండెల పని అయిపోంగనే గల్లీ గల్లీకి పోయేది. కార్ఖానాలకు పోతె సప్పుడుల మాట వినపడది కాబట్టి వాకిట్లనే నిలబడి చేతులతోని చెప్పేది: స్టీరింగు తిప్పినట్టు చేస్తె బస్సు, తల రుద్దుకున్నట్టు చేస్తె శుక్రవారం, రెండు వేళ్లు లేపితె రెండు గంటలు. అవతల నుంచి తల ఊపుడు, లేకుంటె మొగనిదిక్కు వేలు చూపెట్టి చెయ్యి అడ్డంగ తిప్పుడు. మా ఇంట్ల గూడ అదే కథ. "వారానికి ఒక్కనాడు ఇంట్ల పడుంట, ఆనాడే నువ్వు పోతె అన్నం ఎవలు వండాలె?" అన్నడు మా ఇంటాయన. "బియ్యం డబ్బాల ఉన్నయి, నీళ్లు కుండల ఉన్నయి, చేతులు నీకున్నయి" అన్న.  మా అత్తయితె అసలే పట్టించుకోలే. "మొగోళ్లు తెచ్చిన బస్సు. ఉంటె ఉంటది, పోతె పోతది. నీకెందుకే ఆ లొల్లి" అని గోడదిక్కు తిరిగి పండుకున్నది. ఆమె నాతోని వస్తదని గాని, వస్త అంటదని గాని నేను కలల గూడ అనుకోలే.

ఆ శుక్రవారం నేను పదకొండింటికే నాకా చేరిన. చేతిల సంచి, సంచిల జమునకు గౌను. మల్లవ్వ మిగిలినోళ్లందరిని తోలుకొని ఒంటిగంటన్నరకల్ల వస్త అన్నది. ఒంటిగంటకు తొమ్మిది మంది వచ్చిండ్రు. ఒంటిగంటన్నరకు తొమ్మిది మందే. రెండుకూ తొమ్మిది మందే. చెకింగు సారు సన్నగ, పొడుగ్గ ఉన్నడు, తెల్ల అంగి, జేబుల రెండు పెన్నులు. చెడ్డోడు కాదు, కాయిదా మనిషి. అటు నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లు కూసొని వచ్చినందుకు మొఖం వాడిపోయింది. ఆయన కాయితం తీసి "తొమ్మిది" అని రాయబోతుంటె కనకయ్య, "సార్, బోణీ టైముల రాయకుండ్రి" అన్నడు. డ్రైవరు సాయిలు ఇంజను వేడెక్కిందని చెప్పి రేడియేటరుల నీళ్లు పోసుడు మొదలుపెట్టిండు. బకెట్టు పక్కనున్నా గిలాసతోని పోసిండు. ఒక్కొక్క గిలాస. ఇంకో డ్రైవరు అంజయ్య ఆరు టైర్లను సుత్తెతోని కొట్టి చూసి, మళ్ల మొదటి టైరు కాడికి వచ్చిండు.

రెండు దాటినంక సారు ఫుట్‌బోర్డు ఎక్కి, "పోనియ్యి" అన్నడు. నేను అడ్డం నిలబడ్డ.

"సార్, వస్తున్నరు. ఇంకొంచెం ఆగుండ్రి."

"టైమంటె టైమమ్మా. రెండూ ఇరవై. చూడమ్మా, రెండూ ఇరవై."

"ఇన్ని నెలలు ఉత్త బండి తోలిండ్రు, అప్పుడు పోయింది టైము కాదా? నిండ వస్తున్ననాడు ఇరవై నిమిషాలకు మీ బస్సేమన్న కరిగిపోతదా?"

"నిండుగ ఎక్కడున్నది? నాకు తొమ్మిదే కనపడుతున్నరు."

  నా బిడ్డ గౌను సంచిల నుంచి కొసకు బయటికి వచ్చి వేలాడుతున్నది. దాన్ని లోపలికి దోపుతుంటె కనకయ్య నా భుజం మీదికెళ్లి అటు చూసి, "సార్" అన్నడు. "అటు చూడుండ్రి."

శాంతి నగర్ దిక్కు నుంచి వస్తున్నరు. ముందట ఒక హాత్ గాడి, బట్ట తాన్లు మోసే తోపుడుబండి. మా గల్లీల తాన్లు మోసే యూసుఫ్ భాయి దాన్ని తోస్తున్నడు. దాని మీద మూటలు, మూటల మీద పిల్లలు, పిల్లల నడుమ తడి జుట్టు ముడేసుకొని మల్లవ్వ. ఎనుక రెండు ఆటోలు, ఒక్కొక్క ఆటోల లెక్కకు మించి. ఇంకా ఎనుక నడుస్త, ఉరుకుత, చెప్పులు చేతిల పట్టుకొని మిగిలినోళ్లు. అందరి జుట్లు తడివే. రోడ్డు పొడుగున కుంకుడుకాయ వాసన. నేను బతుకుల అట్లాంటి ఊరేగింపు మళ్ల చూడలే.

"నల్ల నీళ్లు టైముకు రాలే!" అని అంత దూరం నుంచే మల్లవ్వ మొత్తుకున్నది. "నల్ల పన్నెండున్నరకు వచ్చింది, నీళ్లు నింపకుంట ఎట్ల వస్తం? మొగోళ్లు మూడు రోజులు ఏం తాగి బతుకుతరు?"

సారు గడియారం చూసుడు మర్చిపోయిండు. ఆటోలు ఆగకముందే కిటికీలకెళ్లి తువ్వాలలు పడుడు మొదలయింది. మా దిక్కు అలవాటు అది, బస్సు కనపడితె ముందుగాల కిటికీల నుంచి తువ్వాల వెయ్యాలె, సీటు మనది అయిపోయినట్టే. కనకయ్య అప్పటికే కొందరికి నంబర్లు రాసిచ్చిండు. ఇప్పుడు నంబరు ఒకరిది, తువ్వాల ఒకరిది. "నా నంబరు పద్నాలుగు" అని ఒకామె, "నంబరు ఎవలకు కావాలె, నా తువ్వాల చూడు" అని ఇంకొకామె. సారు తన సీటు కాడికి పోతె దాని మీద తడి తువ్వాల పరిచి ఉన్నది. "ఇది నా సీటమ్మా" అన్నడు. "తువ్వాల వేసినవా నాయినా?" అని అడిగింది ఒక ముసలామె. సారు నవ్విండు. ఆ రోజు మొత్తంల ఆయన నవ్వుడు అదే మొదలు.

తర్వాత లెక్క పెట్టిండు. నడుమ దారిల ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, వేలు పెట్టి రెండుసార్లు. ఒళ్ల కూసున్న పిల్లలను వదిలిపెట్టిండు. ముప్పయారు సీట్లు. సారుది ఒకటి పోతె ముప్పయైదు. మనుషులు ముప్పయారు. "బండి నిండింది" అని కాయితం మీద రాసిండు. కనకయ్య ఆ కాయితాన్ని ఒళ్ల పసిపిల్లను చూసినట్టు చూసిండు. బస్సుల ఆడోళ్లందరు ఒక్కసారిగ మాట్లాడిండ్రు. నాకు లోపల గంతులు వేసినట్టున్నది.

"ఒక్కరు దిగాలె" అన్నడు సారు. "రాష్ట్రం దాటే బండి. నిలబడుడు కాయిదా లేదు."

నిలబడ్డది ఎవలో కాదు, నేనే. బయట కొట్లాడుకుంట ఉండి లోపల తువ్వాల వేసుకొనుడు మర్చిపోయిన. నా నంబరు మూడు. పోయి చూస్తె మూడో నంబరుల, కిటికీ పక్కన, ఒళ్ల మూట పెట్టుకొని మా అత్త కూసున్నది.  ఇంట్ల గోడదిక్కు తిరిగి పండుకున్న మనిషి, నేను ఇల్లు దాటంగనే లేచి, తలకు పోసుకొని, హాత్ గాడి మీద మూటల ఎనుక దాక్కొని వచ్చింది.

"అత్తా, అది నా సీటు."

"తెలుసు."

"జమున కాడికి పోవాలె నేను."

"నేను గూడ దాని కాడికే పోతున్న. నీకు వచ్చే శుక్రవారం ఉన్నది, ఆపై శుక్రవారం ఉన్నది. నాకెన్ని ఉన్నయో నాకే తెల్వది. తొమ్మిదేండ్లయ్యింది నేను మన ఊరి మట్టి తొక్కి." ఇంత చెప్పి కిటికీదిక్కు తిరిగింది. ఇంట్ల గోడదిక్కు తిరిగినట్టే.

నేను గొప్పదాన్ని కాదు. సంతోషంగ దిగిన అని రాస్తె అబద్ధమైతది. దిగేటప్పుడు ఆమెను మనసుల ఏమన్ననో ఇక్కడ రాయను. కిటికీల నుంచి గౌను ఇచ్చిన. "వచ్చే శుక్రవారం ఒకటో నంబరు నీదే చెల్లె" అన్నడు కనకయ్య ఫుట్‌బోర్డు మీదికెళ్లి. "ముందుగాల బండి రానియ్యి" అన్న. బస్సు కదిలింది. ఎందుకో తెల్వది, దాని ఎనుక కొంచెం దూరం ఉరికిన. ఏడుస్తున్ననో నవ్వుతున్ననో యూసుఫ్ భాయికి సమజు కాక, "అరే బెహన్, గాడి రోకూఁ క్యా?" అని అడిగిండు, బండి ఆపమంటవా అని. వద్దన్న. ఆ బండి ఆగొద్దనే కదా ఎనిమిది రోజులు తిరిగింది.

వచ్చే శుక్రవారం బండి వచ్చింది. ఆపై శుక్రవారం వచ్చింది. పదకొండేండ్లు వచ్చింది. శుక్రవారం బండిల మొదటిసారి పోయి నేను వెంకట్రావుపల్లె స్టేజిల దిగుతుంటె, ఊర్లనే ఆగిపోయిన మా అత్త జమునను పట్టుకొని నిలబడ్డది. దానికి గౌను పొట్టిగ అయ్యింది, అయినా వేసుకున్నది. నేను సంచి కింద పెట్టక ముందే, "మళ్ల ఎప్పుడొస్తవ్?" అన్నది. "వచ్చే నెల" అన్న. వేళ్ల మీద లెక్కపెట్టి తల ఊపింది. ఆరో తరగతిల భివండికి తెచ్చుకునే దాంక ఆ లెక్క తప్పలే. తర్వాత నాకు అక్షరాలు దిద్దిచ్చింది గూడ అదే. ఓపిక తక్కువ పిల్ల, రెండుసార్లు తప్పు రాస్తె పలక గుంజుకునేది.

అప్పటి రోజులే బాగుండె అని నేననను. ఆ బస్సుల నడుము విరిగేది, ఘాటుల కడుపుల తిప్పేది, ముప్పయారు మందికి ఒక్క కిటికీ సరిగ మూసుకునేది కాదు. ఇప్పుడు నా మనుమరాలు ఫోనుల వేలు పెట్టి రెండు నిమిషాలల్ల ఏసీ బస్సుల పడక బుక్కు చేస్తది. పండుకొని పోత, లేచేటప్పటికి ఊరు. నాకు ఇదే నయం. సర్కారు బండి బందయ్యి చానా ఏండ్లయ్యింది, సాంచెలు గూడ సగం ఇనుప సామాన్లకు పోయినయి. అయితె ఇప్పటి బస్సు నేను ఎక్కకున్నా పోతది. నా పక్క పడకల ఎవలున్నరో పరదా తీసి చూడను. ఆ బస్సు మేం ఎక్కకుంటె పోయేది కాదు. ఎక్కిన ప్రతి మనిషి తెలుసు నాకు, ఎవలు ఏ మొగని మాట కాదని వచ్చిండ్రో గూడ తెలుసు.

మొన్న కనకయ్య ఒక మాట చెప్పి నవ్విండు. ఆ రోజు తొందరల చార్టు రాయనీకి టైము లేక, మొదటి గీత మీద 'స్త్రీ' అని ఒక్కసారి రాసి, కింద వరుసంత ఒక్కొక్కరికి, పైదే అన్నట్టు, రెండు రెండు చుక్కలు పెట్టుకుంట పోయిండట. డిపోల కాయితాలు గూడ ఎప్పుడో తూకానికి పోయినయి. నేను నవ్వలే. ఆయన తప్పేం లేదు, బండికి ఆలస్యమయ్యింది. ఆ చుక్కల జాగల నేను రాస్తున్న.

ముందు నుంచి కూసున్నోళ్లు: కిరాణం పద్మ, ఆమె చెల్లె సరోజ, బుచ్చవ్వ, భాగ్య, వినోద, ఎల్లవ్వ, రాజమణి, లచ్చవ్వ, ఇగ గంగారాం. ఒక్కడే మొగాయన, నాందేడు దాంక నోరు తెరవలేదట. నల్ల నీళ్లు నింపుకొని వచ్చినోళ్లు: మల్లవ్వ, ఆమె కోడలు స్వరూప, కమలమ్మ, దేవమ్మ, అక్కచెల్లెళ్లు అనసూయ, రేణుక, సారును నాయినా అన్న పోశవ్వ, నర్సవ్వ, ఇంకో నర్సవ్వ, సుగుణ, శంకరమ్మ, విజయ, ఏడు నెలల కడుపుతోని జ్యోతి, కళావతి, రాధ, లింగవ్వ, మణెమ్మ, సులోచన, ఓదెవ్వ, పుష్ప, తార, బాలమణి, చంద్రవ్వ, పెండ్లయ్యి నెల కాని రమ, కొమురవ్వ. మూడో నంబరుల మా అత్త రామవ్వ. డ్రైవర్లు సాయిలు, అంజయ్య. కండక్టరు కనకయ్య. చెకింగు సారు, పేరు నేను అడగలే. హాత్ గాడి కాడ యూసుఫ్ భాయి. రోడ్డు మీద నేను, సత్తెమ్మ.